తొమ్మిది సెంట్ల పొలంలో ఫోన్ల ఫ్యాక్టరీ

మన దగ్గర పొలం ఎంతుందని అడిగితే ఎకరాల్లో చెబుతాం. ఎకరం లేనివాడు సెంట్లలోనో కుంటల్లోనో చెబుతాడు. ఉత్తర వియత్నాం రైతునడిగితే 'సావో'ల్లో చెబుతాడు. ఒక సావో అంటే 360 చదరపు మీటర్లు. మన లెక్కన దాదాపు 9 సెంట్లు. నాలుగైదు సావోలుంటే ఆ ఊళ్లో మామూలు రైతే. అంటే అర ఎకరం లోపు. అదైనా ఒక్కచోట ఉండదు. మంచి నేలలో ఒక ముక్క, పల్లంలో ఒక ముక్క, చెరువు పక్కన ఇంకో ముక్క. అందరికీ మంచీ చెడూ సమానంగా రావాలని పంచడంతో ఇలా అయింది.

అలాంటి ముక్కల మధ్యే ఇప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీల్లో ఒకటి నడుస్తోంది. అక్కడి రైతు ఏమయ్యాడు? చదవండి.

రాజధాని హనోయ్ నుంచి ఈశాన్యంగా, చైనా సరిహద్దుకు పోయే రోడ్డు మీద 30 కిలోమీటర్లు వెళ్తే బాక్ నిన్ వస్తుంది. ఇంకో 20 కిలోమీటర్లు పోతే బాక్ జాంగ్. ఇవి రెండూ వేర్వేరు ప్రావిన్సులుగా ఉండేవి. ప్రావిన్సు అంటే మన జిల్లా లాంటిదనుకోండి. వీటిని 1962లో కలిపి హా బాక్ అని పేరు పెట్టారు. 1997 జనవరి 1న విడదీశారు. 2025 జులై 1న దేశంలోని 63 ప్రావిన్సులనూ నగరాలనూ 34కి కుదించినప్పుడు మళ్లీ కలిపేశారు. పేరేమో బాక్ నిన్‌ది, ముఖ్యపట్టణమేమో బాక్ జాంగ్‌లో. జిల్లాల విభజన గొడవలు చూసిన మనకు ఇలాంటి సర్దుబాటు కొత్త కాదు.

పాత బాక్ నిన్ వియత్నాంలో అన్నిటికన్నా చిన్న ప్రావిన్సు. 822 చదరపు కిలోమీటర్లు, అంటే మొత్తం కలిపి 2 లక్షల ఎకరాలు. బాక్ జాంగ్ కొండలూ గుట్టలతో చాలా పెద్దది. రెండూ కలిసిన ఇప్పటి ప్రావిన్సు సుమారు 4,700 చదరపు కిలోమీటర్లు. మన పాత కృష్ణా జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ. జనం మాత్రం 36 లక్షలు.

భూమి చేతికొచ్చిన రోజులు

ముందు భూమి సంగతి తెలియాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు. వియత్నాంలో భూమికి రైతు యజమాని కాడు. భూమి దేశప్రజలందరిదీ, దాన్ని చూసుకునేది ప్రభుత్వం అని వాళ్ల రాజ్యాంగం చెబుతుంది. రైతుకుండేది సాగు చేసుకునే హక్కు. 1980ల దాకా ఉత్తరాన అంతా సహకార సేద్యమే. గంట కొడితే పొలానికి పోవడం, పనికి మార్కులు వేయించుకోవడం, కోత కాలంలో ఆ మార్కుల ప్రకారం ధాన్యం తెచ్చుకోవడం. ఎంత చాకిరీ చేసినా తన పొలం అనేది లేదు. పంట పెరగలేదు. దేశం బియ్యం దిగుమతి చేసుకుని బతికింది.

1986 డిసెంబరులో అక్కడి కమ్యూనిస్టు పార్టీ 'దోయ్ మోయ్' అనే సంస్కరణలకు తలుపు తీసింది. 1988 ఏప్రిల్‌లో వచ్చిన పదో నెంబరు తీర్మానం పొలాన్ని కుటుంబానికి కాంట్రాక్టుకిచ్చింది. మరుసటేడే, అంటే 1989లో, వియత్నాం పది లక్షల టన్నులకు పైగా బియ్యం ఎగుమతి చేసింది. కొత్త విత్తనం వచ్చి కాదు, కొత్త డ్యాం కట్టి కాదు. పండింది తనదే అన్న ధైర్యం రైతుకొచ్చింది, అంతే.

1993 భూమి చట్టం వార్షిక పంటల నేలకు 20 ఏళ్లు, తోటలకు 50 ఏళ్లు సాగు హక్కు రాసిచ్చింది. అమ్ముకోవచ్చు, కౌలుకివ్వొచ్చు, తాకట్టు పెట్టొచ్చు, పిల్లలకివ్వొచ్చు. ఆ హక్కు పత్రానికి ఎర్ర అట్ట ఉండేది కాబట్టి జనం దాన్ని 'ఎర్ర పుస్తకం' అంటారు. మన పాసుపుస్తకానికి అక్కాచెల్లెళ్ల వరస. అయితే ప్రభుత్వం అవసరమని అనుకుంటే వెనక్కి తీసుకునే హక్కు తన దగ్గరే ఉంచుకుంది. ఈ ఒక్క మాట ముందు ముందు చాలా పని చేసింది.

ఫ్యాక్టరీలు ఎలా వచ్చాయంటే

2005లో జపాన్ వారి కెనాన్ బాక్ నిన్‌లోని క్వే వో దగ్గర ప్రింటర్ల ఫ్యాక్టరీ తెరిచింది. 2007లో తైవాన్‌కు చెందిన ఫాక్స్‌కాన్ వచ్చింది. మన రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ప్లాంటు పెట్టిన ఫాక్స్‌కానే ఇది. 2008లో కొరియా వారి శాంసంగ్ యెన్ ఫాంగ్‌లో 67 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీకి అనుమతి తెచ్చుకుంది. 2009లో ఫోన్లు బయటికొచ్చాయి. ఇక్కడా, పక్కనున్న థాయ్ న్గుయెన్ ప్రావిన్సులోనూ కలిపి, ప్రపంచంలో అమ్ముడయ్యే శాంసంగ్ ఫోన్లలో దాదాపు సగం తయారవుతూ వచ్చాయి.

కంపెనీలకు ఇక్కడేం కనిపించింది? హనోయ్ విమానాశ్రయం దగ్గర. చైనా సరిహద్దు రోడ్డు మీద, విడిభాగాలు పొద్దున బయలుదేరితే సాయంత్రానికి చేరతాయి. నేల చదును. చదువుకున్న పిల్లలు చవగ్గా దొరుకుతారు. హైటెక్ అని పేరుంటే నాలుగేళ్లు ఆదాయపు పన్ను లేదు, ఆపైన తొమ్మిదేళ్లు సగమే. 2018లో అమెరికా చైనా సరుకు మీద సుంకాలు పెంచాక చైనాలోని ఫ్యాక్టరీలు ఇటు జరగడం ఎక్కువైంది. ఆ ఊపు ఎక్కువగా బాక్ జాంగ్‌కు దక్కింది. చెవిలో పెట్టుకునే ఎయిర్‌పాడ్లు తయారుచేసే లక్స్‌షేర్ లాంటి కంపెనీలు వియెత్ యెన్ ప్రాంతంలో దిగాయి. 2023లోనూ 2024లోనూ బాక్ జాంగ్ అభివృద్ధి రేటు 13 శాతం దాటింది. రెండేళ్లూ దేశంలో అదే ఫస్టు.

లెక్క వేసి చూడండి

ఐదు సావోల రైతు కుటుంబాన్ని తీసుకుందాం. సార్వా, దాళ్వా లాగే అక్కడా రెండు వరి పంటలు. సావోకు పంటకు 2 క్వింటాళ్లు పండితే మంచి పంట. మన ఎకరాకు లెక్కేస్తే 75 కిలోల బస్తాలు 30. మన డెల్టా రైతు తీసిపారేసే దిగుబడి కాదు. ఐదు సావోల్లో రెండు పంటలకూ కలిపి 20 క్వింటాళ్లు. ధాన్యం కిలో 8 వేల డాంగ్‌లు పలికిందనుకుందాం. డాంగ్ వాళ్ల డబ్బు. సుమారు 300 డాంగ్‌లు మన రూపాయి. అంటే కిలోకు 26, 27 రూపాయలు. ఏడాదికి మొత్తం 53 వేల రూపాయలు. దాంట్లోంచి విత్తనం, ఎరువు, మందు, దున్నకం, కోత మిషను ఖర్చులు పోవాలి.

ఇప్పుడు ఆ ఇంటి కూతురు ఫ్యాక్టరీకి పోతోందనుకోండి. 2024 జులైలో వియత్నాం ప్రభుత్వం రెండో మండలానికి ప్రకటించిన కనీస వేతనం నెలకు 44 లక్షల 10 వేల డాంగ్‌లు. మన డబ్బులో 14,700 రూపాయలు. ఓవర్‌టైం, రాత్రి డ్యూటీ, భత్యాలు కలుపుకుంటే 80 లక్షల నుంచి కోటి డాంగ్‌ల దాకా చేతికొస్తుంది. అంటే 26 వేల నుంచి 33 వేల రూపాయలు. ఐదు సావోలు ఏడాదంతా పండించింది ఆ పిల్ల రెండు నెలల్లో తెస్తోంది. ఇంక నారుమడిలోకి ఎవరు దిగుతారు చెప్పండి? ఫ్యాక్టరీలకు దగ్గర ఊళ్లలో కొందరు పొలం బీడు పెట్టేశారు. కొందరు చుట్టాలకు ఊరికే ఇచ్చేశారు. కౌలు అడిగేంత మిగులు అందులో లేదు.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర అతికించే ప్రకటనల్లో వయసు 18 నుంచి 35 అనే ఎక్కువగా ఉంటుంది. కళ్లు చురుగ్గా ఉండాలి, వేళ్లు ఆడాలి, పన్నెండు గంటలు నిలబడాలి. నలభై దాటిన తండ్రికీ తల్లికీ అందులో చోటు లేదు. దొరికితే ఊడ్చే పని, క్యాంటీన్ పని, గేటు దగ్గర వాచ్‌మన్ పని. ముప్పై ఐదు దాటిన పిల్లలు కూడా ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో చెప్పలేరు. 2022 చివర్లో, 2023లో విదేశీ ఆర్డర్లు తగ్గినప్పుడు ముందు పోయింది ఓవర్‌టైమే. జీతంలో రుచి ఉన్నదంతా అందులోనే.

పొలం పోయినవాళ్లు ఏం చేశారు?

పారిశ్రామిక వాడకు స్థలం కావాలంటే ప్రావిన్సు అధికారులు భూమిని 'వెనక్కి తీసుకుంటారు'. వాళ్ల చట్టంలో మాట అదే. పరిహారం మార్కెట్ ధరకు కాదు, ప్రావిన్సు ప్రకటించిన సాగు భూమి ధరకు. దానిమీద వృత్తి మారడానికీ, పని నేర్చుకోవడానికీ సాయమని భూమి ధరకు ఐదు రెట్ల దాకా అదనంగా ఇవ్వొచ్చని 2013 చట్టం కింద వచ్చిన నిబంధనలు చెప్పాయి. వినడానికి ఐదు రెట్లు బాగానే ఉంది. అసలు ధరే సాగు ధర అయినప్పుడు ఐదు రెట్లు వేసినా రేపు అదే నేల మీద ప్లాట్లు పడితే పలికే ధరకు అందదు. గొడవలన్నీ అక్కడే. దక్షిణాన ఉన్న హుంగ్ యెన్ ప్రావిన్సులో ఒక కొత్త టౌన్‌షిప్ కోసం 2012 ఏప్రిల్‌లో పోలీసుల్ని దించి పొలాలు ఖాళీ చేయించారు. ఆ వార్త దేశమంతా మారుమోగింది.

డబ్బు చేతికొచ్చినవాళ్లు ముందు ఇల్లు కట్టారు, మోటారు సైకిలు కొన్నారు. మన దగ్గరా చూశాం కదా. కొద్దిమంది మాత్రం ఇంటి పెరట్లో, పశువుల కొట్టం స్థానంలో వరసగా గదులు వేశారు. పది, పదిహేను చదరపు మీటర్ల గది, ముందు వసారా, చివర్న స్నానాల దొడ్డి. దూర ప్రావిన్సుల నుంచి వచ్చిన కుర్రాళ్లకూ అమ్మాయిలకూ అద్దెకిస్తారు. గది అద్దె ఏడెనిమిది లక్షల డాంగ్‌ల నుంచి పది, పన్నెండు లక్షల దాకా ఉంటుంది. పది గదులున్నవాడికి ఒక ఉద్యోగి జీతం ఇంట్లో కూచుంటే వస్తున్నట్టు. దాని పక్కనే చిన్న కొట్టు, పొద్దున్నే సేమ్యా పులుసు అమ్మే బడ్డీ. నలభై దాటిన ఆడవాళ్లకు నికరంగా దొరికిన పని ఇదే. పెరడు లేనివాళ్లకు, ఊరికి ఆ చివర ఉన్నవాళ్లకు ఇది కూడా లేదు. ఒకే ఊళ్లో, ఒకే రేటుకు పరిహారం తీసుకున్నవాళ్ల మధ్య ఇంత తేడా వచ్చింది.

2024లో చేసిన కొత్త భూమి చట్టం ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి అమల్లోకొచ్చింది. కేంద్రం నిర్ణయించే ధరల చట్రాన్ని తీసేసి, ప్రావిన్సు ఏటా కొత్త ధరల పట్టిక ప్రకటించాలంది. 2026 జనవరి 1 నుంచి ఆ పట్టికలు. ఇళ్లు పోయేవాళ్లకు పునరావాసం చూపించాకే భూమి తీసుకోవాలని కూడా రాశారు. చాలా ఊళ్లలో భూమి అప్పటికే పోయింది.

2021 మే నెల

ఈ ప్రాంతం గురించి ఒక్క సంగతి మాత్రమే చెప్పమంటే నేను 2021 మే నెల సంగతి చెబుతాను. కరోనా అప్పటిదాకా వియత్నాంను పెద్దగా తాకలేదు. ఆ నెలలో బాక్ జాంగ్ ఫ్యాక్టరీల్లో అంటుకుంది. వియెత్ యెన్ దగ్గర నూయ్ హియూ అనే ఊరు. క్వాంగ్ చౌ పారిశ్రామిక వాడ పక్కనే ఉంటుంది. ఇందాక చెప్పిన అద్దె గదులు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. గదికి ఇద్దరు ముగ్గురు, మధ్యలో మనిషి పట్టే సందు. అక్కడ పాకింది. మే 18న నాలుగు పారిశ్రామిక వాడల్ని మూసేశారు. వేలాది మంది ఊళ్లకు పోలేక, పనికి పోలేక గదుల్లో ఉండిపోయారు. పది రోజుల తరువాత ఒక్కొక్క ఫ్యాక్టరీ తెరవడం మొదలైంది. ఆ విడతలో ఒక్క బాక్ జాంగ్‌లోనే ఐదు వేల పైచిలుకు మందికి జబ్బు వచ్చింది.

సరిగ్గా అప్పుడే, అదే ప్రావిన్సు తూర్పు కొండల్లో లిచీ పంట పండింది. లిచీ పళ్లు మనకు బీహారు నుంచి వస్తాయి, చూసే ఉంటారు. ఎర్రటి గరుకు తోలు, లోపల తెల్లటి గుజ్జు. లుక్ న్గాన్ అనే ప్రాంతం దానికి పెట్టింది పేరు. ఒకప్పుడు కర్రపెండలం వేసుకునే గుట్టలవి. కింద డెల్టాలోని తాన్ హా ప్రాంతం నుంచి వచ్చిన వలస జనం లిచీ మొక్క తెచ్చి నాటారు. గుట్టలు కుటుంబాల చేతికొచ్చాక తోటలు పాకాయి. ఇప్పుడు ప్రావిన్సులో 30 వేల హెక్టార్ల లోపు, అంటే 70 వేల ఎకరాల పైన ఉంటుంది. కోత జూన్ అంతా నడిచి జులైలో ముగుస్తుంది. కోసిన కాయ నాలుగు రోజులాగదు, తోలు నల్లబడుతుంది.

ఏటా ఆ రోజుల్లో చూ అనే పట్నంలోకి మోటారు సైకిళ్ల బారు తీరుతుంది. వెనక రెండు పక్కలా బుట్టలు, ఒక్కో బండికి క్వింటాలు, క్వింటాలున్నర కాయ. చైనా వర్తకులు రోడ్డు పక్కన కాటాలు పెట్టుకుని కొంటారు. కాయను ఐసు నీళ్లలో ముంచి, ఐసుతో పాటు థర్మోకోల్ పెట్టెల్లో సర్ది, రాత్రికి రాత్రే లాంగ్ సాన్ సరిహద్దు గేటుకు పంపేస్తారు. 2021లో బాక్ జాంగ్ పేరు చెబితేనే ఇతర ప్రావిన్సుల వాళ్లు లారీ ఆపేసే పరిస్థితి. చెట్ల మీద రెండు లక్షల టన్నులు దాటిన పంట.

అధికారులు ఏం చేశారో మన మార్కెటింగ్ శాఖ వాళ్లు చదవాలి. లిచీ ప్రాంతాన్ని జబ్బు ఉన్న ఫ్యాక్టరీ ప్రాంతం నుంచి కట్టడి చేశారు. లారీలు కడిగి, డ్రైవర్లకూ కోసేవాళ్లకూ పరీక్షలు చేసి, సరుకు వెంట ధ్రువపత్రం పెట్టారు. దారిలో ఆపొద్దని ఇతర ప్రావిన్సులకు ఉత్తరాలు రాశారు. తపాలా శాఖ ఆన్‌లైన్ అంగడిలో కాయ పెట్టి ఇంటికి చేర్చింది. ఆ ఏడాది సగానికి పైగా పంట దేశంలోనే అమ్ముడైంది. ఏటా మాదిరి చైనా వర్తకుడి కోసమే చూస్తూ కూచుని ఉంటే పళ్లు గుట్టల మీదే కుళ్లేవి.

ఇంకొక పని అంతకు ముందే చేసి పెట్టుకున్నారు. జపాన్ 2019 డిసెంబరులో వియత్నాం లిచీకి తలుపు తీసింది. షరతులు గట్టివి. తోటకు నెంబరుండాలి, వాడిన మందుల పుస్తకం ఉండాలి, కాయకు మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించాలి, అదీ అప్పట్లో జపాన్ నిపుణుడి ఎదుట. 2020 జూన్‌లో ఆ నిపుణుడు వచ్చి కరోనా నిబంధన ప్రకారం రెండు వారాలు గదిలో ఉండి, అప్పుడొచ్చి పెట్టెలు చూశాడు. 2021 మార్చిలో లుక్ న్గాన్ లిచీకి జపాన్‌లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వియత్నాం సరుకుల్లో అక్కడ ఆ గుర్తింపు పొందినది ఇదే మొదటిది. జపాన్‌కు పోయే టన్నులు మొత్తం పంటలో లెక్కలోకి రావు, నిజమే. కానీ ఆ పుస్తకం రాయడం అలవాటైన రైతు కాయకు హనోయ్‌లో కూడా మంచి రేటొస్తుంది.

తోట బతుకు కూడా నున్నగా లేదు. లిచీ పూతకు చలి కావాలి. మామిడి రైతుకు నేను చెప్పనక్కర్లేదు. చలికాలం ముందు కొమ్మ బెరడు మీద ఉంగరంలా సన్నటి గాటు పెట్టి, కొత్త చిగురు రాకుండా ఆపి, పూతకు తిప్పుకుంటారు. 2024 పంటకు ముందు చలికాలం వెచ్చగా గడిచింది. గాట్లు పెట్టినా చాలా చెట్లు పూతకు బదులు చిగురేశాయి. దిగుబడి మునుపటి ఏడాదితో పోలిస్తే సుమారు సగానికి, లక్ష టన్నుల దగ్గరికి పడింది. ఆ ఏడాదే సెప్టెంబరులో యాగి తుపాను వచ్చి కౌ, తువాంగ్ నదుల ఒడ్డు ఊళ్లను ముంచింది.

కూలీల ఇబ్బంది సరేసరి. జూన్‌లో తోటకు చేతులు కావాలి, ఆ చేతులు ఫ్యాక్టరీలో ఉన్నాయి. ఫ్యాక్టరీ కూలికి పోటీగా రోజు కూలి ఇవ్వాలి, తెల్లారకముందే కోత మొదలెట్టాలి.

ఫ్యాక్టరీల వల్ల కరెంటుకూ నీళ్లకూ వచ్చిన తంటా పెద్ద కథ. 2023 మే, జూన్ నెలల్లో రిజర్వాయర్లు ఎండి ఉత్తరమంతా కోతలు పెట్టారు, పారిశ్రామిక వాడలకూ తప్పలేదు. నీళ్ల విషయానికొస్తే తప్పంతా విదేశీ కంపెనీలదే అనుకోకండి. బాక్ నిన్ దగ్గర ఫాంగ్ ఖే అనే ఊరు తరతరాలుగా కాగితం తయారుచేస్తుంది. చేత్తో చేసినన్నాళ్లు బాగానే ఉంది. మిషన్లు, బాయిలర్లు వచ్చాక పక్కనున్న న్గూ హుయెన్ ఖే వాగు నల్లబడి కంపు కొట్టింది. ఆ వాగు నీళ్లు వరికి పెట్టుకున్న రైతులూ, ఆ మిల్లులు నడిపినవాళ్లూ ఒకే చోటివాళ్లు.

చివరిగా ఒక సంగతి. 1993 చట్టం కింద తలకింత అని భూమి పంచాక ఉత్తరాన మళ్లీ పంచలేదు. 20 ఏళ్ల గడువు 2013లో తీరితే, తిరిగి పంచకుండా ఉన్నవాళ్లకే ఇంకో 50 ఏళ్లు పొడిగించారు. అది 2063 దాకా ఉంటుంది. అంటే పంపకం తరువాత పుట్టిన పిల్లలకు, తరువాత కోడలిగా వచ్చినవాళ్లకు వాటా రాలేదు. తాతకో తండ్రికో ఉన్నదాంట్లోనే తినాలి. ఇప్పుడు వియెత్ యెన్‌లో, యెన్ ఫాంగ్‌లో లైను మీద నిలబడి ఫోన్లు బిగించే పిల్లల్లో ఎక్కువమంది ఆ తరువాత పుట్టినవాళ్లే. ముప్పై ఐదు దాటి ఊరికి తిరిగొస్తే, నాన్న పేరున ఉన్న ఎర్ర పుస్తకంలో ఎన్ని సావోలు మిగిలాయో చూసుకోవాలి.